బ్యారెల్ కిందికి దిగిన పిస్టల్‌తో ఆరేళ్లు: రికాయిల్ ఎటు పోయింది?

ఆరేళ్ల కిందట ఈ పిస్టల్ నా చేతికొచ్చిన రోజు, మొదటి ఐదు షాట్లు కాల్చి కిందపెట్టి, పక్క లేన్‌లో ఉన్న స్నేహితుడితో "దీనికి రికాయిలే లేదు రా" అన్నాను, అంటే కాల్చగానే పిస్టల్ వెనక్కి తన్నే తన్ను లేదని. ఇప్పటికి దాదాపు 30 వేల రౌండ్లు (తూటాలు) కాల్చాను. ఆ మాట తప్పని ఒప్పుకుంటున్నాను. రికాయిల్ ఎంత ఉండాలో అంతా ఉంది, అది వచ్చే దారి మారిందంతే. అందువల్ల నాకేం కలిసొచ్చిందో, బదులుగా ఏం వదులుకున్నానో చెబితే కొనాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

నాది 25 మీటర్ల పోటీలకు వాడే .22 ఎల్‌ఆర్ (సన్నరకం చిన్న తూటా) పిస్టల్, యూరప్ తయారీ. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. నేను చెప్పబోయేవన్నీ బ్యారెల్‌ను చేతికి దగ్గరగా దించిన ఈ తరహా అమరికకు వర్తించేవి. దీనికి ఐదు రౌండ్ల మ్యాగజైన్ ట్రిగ్గర్ గార్డు ముందు ఉంటుంది. పిడిలో మ్యాగజైన్‌కు చోటు ఇవ్వనక్కర్లేదు కాబట్టి పిడిని కావలసిన కోణంలో చెక్కుకోవచ్చు, చేతిని బాగా పైకి, బ్యారెల్‌కు దగ్గరగా తీసుకుపోవచ్చు. హామెర్లీ 208 లాంటి పాతతరం పిస్టళ్లలో మ్యాగజైన్ పిడిలోనే ఉంటుంది. దీనికి ముందు నాలుగేళ్లు నేను మా క్లబ్బులో అలాంటి పాత పద్ధతి పిస్టల్‌తోనే నేర్చుకున్నాను. ఒకరోజు వెర్నియర్ (మిల్లీమీటర్లు కొలిచే సాధనం) తెచ్చి రెండింటినీ కొలిచాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు నుంచి బ్యారెల్ నడిమధ్యకు క్లబ్బు పిస్టల్‌లో 4 సెంటీమీటర్ల పైనే ఉంది, నా దాంట్లో 2 సెంటీమీటర్ల లోపే.

ఆ 2 సెంటీమీటర్లలోనే కథంతా ఉంది. .22 తూటా బరువు 2.6 గ్రాములు. అది సెకనుకు 300 మీటర్లకు అటూ ఇటూ వేగంతో ముందుకు పోతే, కిలో చిల్లర బరువున్న పిస్టల్ దానికి తగ్గట్టు వెనక్కి రావాల్సిందే. బ్యారెల్ ఎత్తుతో ఆ లెక్క మారదు. ఆ దెబ్బ చేతికి ఎంత ఎత్తున తగులుతుందన్నదే మారుతుంది. తలుపును మడతబందు దగ్గర నెట్టి చూడండి, తర్వాత గొళ్లెం దగ్గర నెట్టి చూడండి. బలం అదే అయినా బందు దగ్గర నెడితే తలుపు కదలదు. బ్యారెల్ చేతికి దగ్గరగా దిగినప్పుడు కూడా అంతే. బ్యారెల్ మూతి పైకి లేవడం తగ్గుతుంది, ఆ తోపు తిన్నగా మణికట్టులోకి, అక్కడి నుంచి మోచేతిలోకి వస్తుంది.

ఇది ఊరికే నమ్మి చెబుతున్న మాట కాదు. ఫోన్‌ను ట్రైపాడ్ మీద పెట్టి, సెకనుకు 240 ఫ్రేములతో స్లో మోషన్‌లో తీసి చూశాను. క్లబ్బు పిస్టల్ ఫ్రంట్ సైట్ (గురి చూసే ముందు ముక్క) లేచి మళ్లీ కుదురుకోవడానికి 60 ఫ్రేముల దాకా పట్టింది. నాది 40 లోపు కుదురుకుంది. అంటే షాట్‌కు సెకనులో పన్నెండో వంతు మిగిలింది. తక్కువే అనిపిస్తుంది కానీ ర్యాపిడ్ ఫైర్ అనే వేగపు పోటీలో 4 సెకన్ల సిరీస్ (వరసగా ఐదు షాట్లు) ఆడినవాళ్లను అడగండి. పిస్టల్ 45 డిగ్రీల కిందికి దించి నిలబడాలి, లైటు మారగానే లేపి, 75 సెంటీమీటర్ల ఎడంలో ఉన్న ఐదు టార్గెట్ల మీద ఒక్కో షాట్ వేయాలి. మొదటి షాట్‌కే సెకనున్నర దాకా పోతుంది. మిగతా నాలుగింటికి తలా అర సెకను పైచిలుకు.

అయితే ఆ వీడియోలోనే ఇంకోటి కనబడింది. నా పిస్టల్ ఫ్రంట్ సైట్ కొద్దిగా లేచి, తిరిగి దిగేటప్పుడు గురి దగ్గర ఆగకుండా ఇంకా కిందికి, ఎడమకు పోతోంది. అప్పటికి నెల రోజులుగా రెండో షాట్ నుంచి ఐదో షాట్ దాకా అన్నీ ఏడు గంటల వైపు, అంటే కింద ఎడమకు, ఎనిమిది పాయింట్ల వలయంలోనే పడుతున్నాయి. సైట్లు తిప్పాను, రౌండ్లు మార్చాను, ఏమీ తేలలేదు. మా కోచ్ గారు ఆ వీడియో రెండుసార్లు చూసి, "బాబూ, అది లేవకపోతే నువ్వెందుకు అణుస్తున్నావు?" అన్నారు. నాలుగేళ్లు ఎత్తు బ్యారెల్ పిస్టల్‌ను కిందికి అదిమిన చెయ్యి, లేవని పిస్టల్‌ను కూడా అదుముతోంది. ఆ అలవాటు పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. మ్యాగజైన్‌లో నాలుగు రౌండ్లు, ఒక డమ్మీ (పేలని ఉత్తి రౌండు) కలిపి స్నేహితుడితో నింపించుకునేవాడిని. డమ్మీ దగ్గర మూతి కిందికి వంగితే ఆ రోజుకి లైవ్ రౌండ్లు బంద్, ఇంటికెళ్లి గోడ ముందు డ్రై ప్రాక్టీసే, అంటే రౌండ్లు లేకుండా ట్రిగ్గర్ సాధన.

స్టాండర్డ్ పిస్టల్ అనే పోటీ ఆడేవాళ్లకు తేడా చక్కగా తెలుస్తుంది, ఎందుకంటే 150, 20, 10 సెకన్ల సిరీస్‌లన్నీ ఒకే టార్గెట్ మీద. పది వలయం 5 సెంటీమీటర్లే. 10 సెకన్ల భాగంలో 200కి నా సగటు 172 నుంచి 181కి పెరిగింది. 150 సెకన్ల భాగంలో ఒక్క పాయింటు కూడా పెరగలేదు. కారణం ఉంది. తూటా బ్యారెల్ దాటడానికి సెకనులో వెయ్యో వంతు చాలు. మూతి లేవడమంతా చాలావరకు అది వెళ్లిపోయాకే. ఆ ఒక్క షాట్ బాగుందా లేదా అన్నది ట్రిగ్గర్ తీసిన తీరును బట్టి ఉంటుంది. నింపాదిగా గురి చూసి కాల్చే ప్రెసిషన్ స్కోరు పెంచుకోవడానికి ఈ పిస్టల్ కొంటే డబ్బు దండగ.

ఇక వదులుకున్నవి. బ్యారెల్ దిగితే సైట్లు కూడా చేతికి దగ్గరగా దిగుతాయి. కన్ను మాత్రం ఉన్నచోటే ఉంటుంది కదా. అందుకని చెయ్యి ఇంకో వేలెడు పైకెత్తాలి. మొదటి మూడు నెలలు 40 షాట్లు దాటేసరికి భుజం మండిపోయేది. పైగా మ్యాగజైన్, మెకానిజం ముందుకు జరగడంతో బరువు మూతి వైపు తూగుతుంది. ఆ ముందు బరువు రికాయిల్‌ను ఇంకా అణుస్తుంది గానీ పక్క టార్గెట్‌కు తిప్పేటప్పుడు మొరాయిస్తుంది, ఆపాల్సిన చోట ఆగకుండా దాటిపోతుంది. మొదట ఉత్సాహం కొద్దీ బ్యారెల్ కింద బరువులన్నీ తగిలించాను. నిబంధన ప్రకారం 1400 గ్రాముల దాకా పోవచ్చు. ఆరు నెలలకు ఒక్కొక్కటే తీసేశాను, ఇప్పుడు చిన్నదొకటే ఉంది.

పిడి సంగతి మరీ ముఖ్యం. ఎత్తు బ్యారెల్ పిస్టల్ తప్పుగా పట్టుకుంటే సైట్ ఊగి చెప్పేస్తుంది. ఇది చెప్పదు, తప్పును దాచుకుని టార్గెట్ మీద చూపిస్తుంది. అరచేతి మడత దగ్గర 2 మిల్లీమీటర్ల ఖాళీ ఉందని తెలుసుకోవడానికి చేతికి సుద్దపొడి రాసుకుని పట్టుకోవాల్సి వచ్చింది. పొడి అంటని చోట వుడ్ పుట్టీ పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ పట్టుకుని చూసి... ఇలా నాలుగు ఆదివారాలు. పెద్దగా ఖర్చు లేని ఆ పనితో దగ్గరైనంతగా నా గ్రూపులు (టార్గెట్ మీద షాట్లు పడే గుంపులు) ఇంక దేనితోనూ దగ్గర కాలేదు.

బోల్టు (షాట్ తర్వాత వెనక్కి జరిగి ఖాళీ కేసును లాగే భాగం), స్ప్రింగు తేలికపాటి రౌండ్లకు సరిపడా కుదిర్చినవి. కాస్త బలహీనమైన లాట్ (ఒకే విడతలో తయారైన రౌండ్లు) పడితే ఖాళీ కేసు బయటికి రాక ఇరుక్కుంటుంది. ఒక జిల్లా పోటీలో 10 సెకన్ల సిరీస్‌లో నాకలా జరిగింది. అప్పటి నుంచి ఒకే లాట్ రౌండ్లు పోటీకి వేరుగా దాచుకుంటున్నాను. ప్రతి 500 రౌండ్లకు చాంబర్ శుభ్రం చేస్తాను.

బ్యారెల్‌ను ఎంత కిందికి దించవచ్చో చూసినవాళ్లు ఎప్పుడో ఉన్నారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ర్యాపిడ్ ఫైర్‌లో సోవియట్ షూటర్ యెవ్‌గెనీ చెర్కాసోవ్ ఎంసీ-3 పిస్టల్‌తో రజతం గెలిచాడు. అది తలకిందుల పిస్టల్: మెకానిజం పైన, బ్యారెల్ కింద, చేతికి తిన్నగా. తర్వాత నిబంధనలు మారి ఆ దారి మూసుకుపోయింది. బ్యారెల్ నడిమి గీత బొటనవేలి సందుకు పైనుంచే పోవాలని ఇప్పటి ఐఎస్‌ఎస్‌ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య) నిబంధన. అందుకే ఈ రోజు తయారీదారులంతా ఆ సందుకు పైన మిగిలిన కొద్ది మిల్లీమీటర్ల కోసమే తంటాలు పడుతున్నారు. 9 ఎంఎం తూటా వాడే పిస్టళ్లలో చెక్ దేశపు లౌగో ఏలియన్ 2019లో హ్యామర్‌ను (రౌండు పేల్చే సుత్తి) పైన తలకిందులుగా వేలాడదీసి బ్యారెల్‌ను చేతి మీదికి దించింది. బదులుగా బ్యారెల్ కింద పేలుడు వాయువుతో పనిచేసే గ్యాస్ పిస్టన్ పెట్టాల్సి వచ్చింది. వరసగా కాలిస్తే ఆ భాగం వేడెక్కుతుంది.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో రజతం తెచ్చాక, ఏ పిస్టల్ కొనాలని అడిగే తల్లిదండ్రులు మా రేంజ్‌లో ఎక్కువయ్యారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. మొదటి ఏడాది క్లబ్బు పిస్టల్‌తో, వేగం లేకుండా ట్రిగ్గర్ నేర్చుకోనివ్వండి. పిల్లలు 10 సెకన్ల సిరీస్‌లో రెండో షాట్ కోసం సైట్ దిగేదాకా కాచుకోవడం మీ కంటికి కనిపించిన రోజు దీని గురించి ఆలోచించండి. కొన్నాక పుట్టీ డబ్బా, గరుకు కాగితం కూడా తెచ్చిపెట్టండి.

నేను మాత్రం క్లబ్బు పిస్టల్‌ను ఇప్పటికీ నెలకోసారి తీస్తాను. 150 సెకన్ల సిరీస్‌లో దాని బరువు అరచేతిలో కూర్చునే తీరు, ఇన్ని రౌండ్లు కాల్చినా నా పిస్టల్‌కు రాలేదు.