విజయవాడలో థాయ్ బార్బెక్యూ గ్రూప్ బుకింగ్: అడ్వాన్స్ పంపే ముందు పొయ్యి చూడండి

ఆఫీసు పార్టీలకీ గెట్‌టుగెదర్లకీ థాయ్ బార్బెక్యూ పేరుతో బుకింగులు తీసుకుంటున్న విజయవాడ రెస్టారెంట్ ఒకదానిలో 20 మంది గ్రూపుకి జరిగింది ఇది. ఫోన్లో చెప్పింది టేబుల్ మీదే బొగ్గుల కుంపటి, థాయ్ పెనం, అన్‌లిమిటెడ్ మాంసం. తీరా వెళ్తే అందరికీ కలిపి మూడే పెనాలు, లోపల పచ్చిగా ఉన్న చికెన్, తలుపులు మూసిన ఏసీ హాల్లో కొందరికి తలనొప్పి, చివర్లో అడగకుండా బిల్లులో వేసిన 10 శాతం సర్వీస్ ఛార్జి. అడ్వాన్స్ ముందే కట్టేశారు, కాబట్టి మధ్యలో లేచి రాలేకపోయారు. హోటల్ పేరు రాయడం లేదు. ఆ ఒక్కదాన్నీ తప్పించుకున్నా ఇదే పద్ధతి ఇంకో బోర్డు కింద ఎదురవుతుంది. విజయవాడలోనైనా గుంటూరులోనైనా పది మందికి పైగా బుక్ చేసేవాళ్లు కింది సంగతులు తేల్చుకున్నాకే డబ్బు పంపండి.

ముందు ఏం అమ్ముతున్నారో తెలుసుకోవాలి. థాయ్ బార్బెక్యూ అంటే రెండు వేర్వేరు తిళ్లు రావచ్చు. ఒకటి మూ క్రథా. మధ్యలో గుబ్బలా లేచి, చుట్టూ కాలువలాంటి గాడి ఉన్న పెనం. గుబ్బ మీద మాంసం కాలుతుంది, గాడిలో సూప్ మరుగుతూ ఉంటుంది, మాంసం రసమంతా అందులోకే దిగుతుంది. రెండోది వంటగదిలో నిప్పుల మీద కాల్చి తెచ్చేవి: గై యాంగ్ అనే కోడి, మూ పింగ్ అనే పోర్క్ పుల్లలు, వేరుశనగ సాస్‌తో వచ్చే సాతే. రెండూ మంచివే. ఈ రెండూ కానిది మూడోది ఒకటి మన దగ్గర ఎక్కువగా నడుస్తోంది. తందూరీ టిక్కాకి సీసాలోని స్వీట్ చిల్లీ సాస్ పూసి, పైన నాలుగు నువ్వులు చల్లి థాయ్ అంటారు. ఫోన్లో "గ్రిల్ టేబుల్ మీద ఉంటుందా, కిచెన్‌లోనా? టేబుల్ మీదైతే గుబ్బ పెనమా, చదును జాలీయా?" అని అడగండి. జవాబుకి తడబడితే అక్కడ మూ క్రథా లేనట్టే.

పెనాల లెక్క దగ్గరే గ్రూపులు మోసపోతాయి. ఒక పెనం ముగ్గురికి, మహా అయితే నలుగురికి. ఇరవై మందికి ఐదు తప్పనిసరి, వెజ్ వాళ్లుంటే వాళ్లకి విడిగా ఇంకొకటి. మూడు పెనాల చుట్టూ ఆరేడుగురు చొప్పున కూర్చుంటే ఏం జరుగుతుందంటే, ఆకలి మీద అందరూ ఒకేసారి ముక్కలు వేస్తారు, పెనం వేడి పడిపోతుంది, మాంసం కాలకుండా నీళ్లు వదిలి ఉడుకుతుంది. పైన రంగు మారగానే ఎవరో తీసేసుకుంటారు. పచ్చి చికెన్ పొట్టలోకి వెళ్లేది అలాగే. చికెన్ లోపలి దాకా 74 డిగ్రీల సెల్సియస్ తగలాలి. టేబుల్ దగ్గర థర్మామీటర్ ఉండదు కాబట్టి ముక్కని తుంచి చూడండి. గులాబీ రంగు కనపడకూడదు, కారే రసం తేటగా ఉండాలి.

ముక్క కోసిన తీరు కూడా చూడాలి. ఈ పెనానికి మాంసం మూడు నాలుగు మిల్లీమీటర్ల పల్చని పొరల్లా ఉండాలి, అప్పుడే రెండు మూడు నిమిషాల్లో కాలుతుంది. ఆ గ్రూపుకి ఇచ్చినవి కబాబ్‌కి కోసే బోన్‌లెస్ దిమ్మలు, నడుమ ఇంకా గడ్డకట్టే ఉన్నాయి. అలాంటివి పైన మాడతాయి, లోపల చల్లగా ఉంటాయి. థాయ్ మ్యారినేషన్‌లో చక్కెర, ఆయిస్టర్ సాస్ ఉంటాయి కాబట్టి మాడటం ఇంకా తొందరగా జరుగుతుంది.

పనితెలిసిన చోట వరుస ఇలా ఉంటుంది. పెనం బాగా వేడెక్కాక కొవ్వు ముక్కతో గుబ్బంతా రుద్దుతారు. థాయ్‌లాండ్‌లో అది పంది కొవ్వు. పోర్క్ వద్దంటే చికెన్ కొవ్వో నూనెలో ముంచిన గుడ్డపేలికో వాడతారు. కొందరు ఆ కొవ్వు ముక్కని గుబ్బ కొసనే ఉంచేస్తారు, కరిగి కిందికి జారుతూ ఉంటుంది. తర్వాత గాడిలో వేడి సూప్ పోస్తారు, అది మరిగాకే మాంసం. క్యాబేజీ, తూటికూర, పుట్టగొడుగులు, గ్లాస్ నూడుల్స్, గుడ్డు గాడిలోకి వెళ్తాయి. సూప్ తగ్గితే వేడి సూపే పోయాలి. ఆ 20 మంది గ్రూపు వెళ్లిన చోట మాత్రం వెయిటర్ జగ్గుతో చన్నీళ్లు పోశాడు. దాంతో మరుగు ఆగిపోయింది, పైనుంచి పచ్చి రసం మాత్రం దిగుతూనే ఉంది, ఇటు పక్క గరిటెతో సూప్ తోడుకుంటున్నారు. అన్నిటికంటే ప్రమాదమైన ఘడియ అదే. పచ్చి ముక్క వేశాక సూప్ మళ్లీ గలగలా మరిగి కొన్ని నిమిషాలైతే తప్ప గిన్నెలోకి తీసుకోకండి. పచ్చి మాంసానికి ఒక పట్టకారు, కాలినదానికి ఇంకొకటి ప్రతి టేబుల్‌కీ ఉండాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, మొహమాటం వద్దు.

పచ్చి మాంసం ట్రేలు బఫే బల్ల మీద ఐసు లేకుండా పెట్టి ఉంటే ఇంకేమీ చూడక్కర్లేదు. పచ్చి మాంసం 5 డిగ్రీలు, అంతకంటే తక్కువలో ఉండాలి. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకి మించి బయట ఉన్నది పారేయాల్సిందే. మన బెజవాడ ఎండాకాలం రాత్రి తొమ్మిదింటికి కూడా ఎలా ఉంటుందో వేరే చెప్పాలా.

ఇక బొగ్గుల సంగతి. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని బతిమాలుతున్నాను. థాయ్‌లాండ్‌లో ఈ హోటళ్లు చాలావరకు పక్కలు తెరిచిన షెడ్లు, ఆరుబయలు స్థలాలు. మన దగ్గర దాన్ని తెచ్చి అద్దాలు బిగించిన ఏసీ హాల్లో పెడుతున్నారు. కాలే బొగ్గు నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ రావట్లేదు కదా అని ధీమాగా ఉండటానికి లేదు, ఎర్రటి నిప్పు కణికల నుంచి కూడా వస్తుంది. స్ప్లిట్ ఏసీ హాల్లో ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలి లోపలికి తేదు. ప్రతి టేబుల్ మీదా చిమ్నీ, దాని గొట్టం బయటికి పోయే దారి, కొత్త గాలి వచ్చే దారి, ఈ మూడూ కనపడాలి. పెనం మీద ఆవిరి చిమ్నీలోకి లాగుతోందా, మొహాల మీదికి వస్తోందా అని వెలిగించిన టేబుల్ దగ్గర నిలబడి చూడండి. తింటుండగా ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల పట్టేసినా, తిరిగినా, వికారంగా ఉన్నా తిండి పడలేదని సర్దుకోకండి. వెంటనే అందర్నీ బయటికి తీసుకురండి, మగతగా ఉంటే 108కి ఫోన్ చేయండి. గర్భిణులు, పసిపిల్లలు, గుండె జబ్బున్న పెద్దలు గ్రూపులో ఉంటే బొగ్గు హాల్ అసలు వద్దు, ఇండక్షన్ పెనం ఉన్న చోటో ఆరుబయలో ఎంచుకోండి.

కొన్ని చోట్ల బొగ్గు బదులు చిన్న గ్యాస్ డబ్బా పెట్టే పోర్టబుల్ స్టవ్ ఇస్తారు. వెడల్పాటి పెనం ఆ డబ్బా మీది దాకా వస్తే వేడి తిరిగి డబ్బాకే కొడుతుంది, అది పేలే ప్రమాదం ఉంది. పెనం అంచు డబ్బా అరని కప్పేస్తుంటే వెలిగించనివ్వొద్దు.

సాస్ చూస్తే వంటవాడి చేయి తెలుస్తుంది. సీఫుడ్‌కి ఇచ్చే నామ్ జిమ్‌లో పచ్చిమిర్చి, వెల్లుల్లి, నిమ్మరసం, ఫిష్ సాస్, కొత్తిమీర ఉంటాయి, అది అప్పటికప్పుడు దంచిందై ఉండాలి. కాల్చిన మాంసానికి వచ్చే జ్యావ్ అనే సాస్‌లో వేయించిన ఎండుమిర్చి, చింతపండు, వేయించి పొడి చేసిన బియ్యం. గుంటూరు మిర్చి చేతిలో ఉన్న ఊళ్లలో ఈ రెండోది అద్భుతంగా కుదరాలి. టమాటా సాస్‌లో కారప్పొడి కలిపి ఇస్తున్నారంటే బాధేస్తుంది.

వెజ్ వాళ్ల విషయంలో నోటిమాట నమ్మొద్దు. కూరగాయలే వేసినా సూప్ ఎముకలతో కాచింది కావచ్చు. సోమ్ టమ్ అనే బొప్పాయి సలాడ్‌లో ఫిష్ సాస్, ఎండు రొయ్యలు మామూలే. కర్రీ పేస్టుల్లో రొయ్యల ముద్ద, కూరల్లో ఆయిస్టర్ సాస్ ఉంటాయి. వేరే పెనం, కూరగాయల సూప్, ఫిష్ సాస్ బదులు సోయా సాస్ అని విడిగా చెప్పించుకోండి. కార్తీక మాసంలో పార్టీ పెడితే సగం మంది వెజ్ అవుతారు, ఆ లెక్క ముందే చెప్పాలి. వేరుశనగ పడనివాళ్లు సాతే సాస్ దగ్గరకే పోకూడదు.

డబ్బు దగ్గరికొద్దాం. తలకి 899 అనుకుంటే 20 మందికి 17,980. దాని మీద 5 శాతం జీఎస్టీ 899, మొత్తం 18,879. మధ్యలో 10 శాతం సర్వీస్ ఛార్జి దూర్చి, దాని మీద కూడా జీఎస్టీ వేస్తే 20,766 రూపాయల 90 పైసలు. తేడా దాదాపు 1,888. సర్వీస్ ఛార్జిని హోటల్ తనంతట తాను బిల్లులో వేయకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలిచ్చింది, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. ఇంకో పేరు పెట్టి వసూలు చేయడం కూడా కుదరదు. తీసేయమనండి, తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. బిల్లు మీద ఆంధ్రప్రదేశ్ కోడ్ 37తో మొదలయ్యే జీఎస్టీ నంబరు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు నంబరు ఉన్నాయో లేదో చూడండి. చిన్న వ్యాపారాలు తమ అమ్మకాల మీద తామే కొద్ది శాతం పన్ను కట్టే కంపోజిషన్ పథకంలో ఉన్న హోటల్ అయితే మీ దగ్గర జీఎస్టీ వసూలు చేయకూడదు.

అన్‌లిమిటెడ్ అన్నది చికెన్‌కేనా, రొయ్యలు, స్క్విడ్ ఒక్క రౌండేనా అడగండి. గంటన్నర టైమ్ అంటే కూర్చున్నప్పటి నుంచా, కుంపటి అంటుకున్నాకా? బొగ్గు రాజుకోవడానికే ఇరవై నిమిషాలు పోతాయి. మిగిల్చితే జరిమానా ఎంత, 20 చెప్పి 17 మంది వస్తే ఎందరికి కట్టాలి అన్నవి కూడా. పెద్దవాళ్లకి తలకి పావు కిలో నుంచి 300 గ్రాముల పచ్చి మాంసం సరిపోతుంది. ఇరవై మందికి 5 నుంచి 6 కిలోలు.

వాళ్ల వాట్సాప్‌కి ఈ మెసేజ్ పంపి, "ఓకే" అని రాతలో వచ్చాకే అడ్వాన్స్ వేయండి:

"20 మందికి మాంసం పెనాలు 5, వెజ్ పెనం 1, వెజ్ సూప్ వేరుగా. మాంసం పల్చగా కోసినది, ఐసు మీద. టేబుల్‌కి రెండు పట్టకార్లు. ప్రతి టేబుల్‌కీ చిమ్నీ. టైమ్ కుంపటి అంటుకున్నప్పటి నుంచి 90 నిమిషాలు. తలకి రేటు, జీఎస్టీ తప్ప ఇంకే ఛార్జీ లేదు. ముగ్గురు తగ్గినా వచ్చినవాళ్లకే బిల్లు. పై వాటిలో ఏది లేకపోయినా అడ్వాన్స్ పూర్తిగా వాపసు. ఒప్పుకుంటే ఓకే అని పంపగలరు."