కప్పు ఇవ్వాలా, లెనిన్ సెంటర్‌కు తీసుకెళ్లాలా?

మా అమ్మాయి చదువుతున్న విజయవాడ బడిలో ఎక్కువ పుస్తకాలు చదివిన పిల్లలకు ప్రార్థన వేళ కప్పు ఇస్తారు. అందరిముందూ చప్పట్లు, ఫొటో, నానమ్మకు వాట్సాప్. ఆ ముచ్చట తక్కువేం కాదు. కానీ లెక్కించేది పుస్తకాల సంఖ్యే కదా, పిల్లలు సన్నవాటినే ఏరుకుంటారు. మా అమ్మాయి ఒకే రోజు నాలుగు "చదివేసింది". అన్నీ బొమ్మల పుస్తకాలే!

1973లో అమెరికాలో మనస్తత్వ శాస్త్రవేత్త లెప్పర్ బృందం చిన్నపిల్లలపై చేసిన ప్రయోగం గుర్తొచ్చింది. బొమ్మలేస్తే బహుమతి అని ముందే చెప్పినవాళ్లకు తర్వాత బొమ్మల మీద ఆసక్తి తగ్గింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లకు తగ్గలేదు.

రెండో దారి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు. ముందు మాట ఇవ్వకుండా, ఒక పుస్తకం ఇష్టంగా ముగించిన ఆదివారం తీసుకెళ్లి చేతిలో రెండొందలు పెట్టాలి. బేరం తనదే, ఎంపిక తనదే. దుమ్ముకు తుమ్ములు మాత్రం మనవి. చప్పట్లుండవు, అదొక్కటే లోటు.

నా ఓటు దీనికే. బడి కూడా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో కప్పు బదులు, నచ్చిన కథ తరగతికి చెప్పనిస్తే చప్పట్లూ దక్కుతాయి.