ముసురులో పిట్టలు చూడాలంటే కోరింగా, పులికాటా, నేలపట్టా?

నాకు నవంబరులో లీవు దొరికిందంటే చాలు, బంగాళాఖాతంలో అల్పపీడనం రెడీగా ఉంటుంది. ఏటా ఇదే తంతు కాబట్టి టెన్షన్ పడటం మానేసి, వానలో ఏది కనిపిస్తే అదే చూసి వస్తున్నాను. తుపాను హెచ్చరిక ఉంటే ఇంట్లో కూర్చోవాల్సిందే, అందులో వాదన లేదు. నేను చెప్పేది వదలని ముసురు, మధ్యమధ్యలో ఈదురుగాలి, అంతవరకే.

కాకినాడ దగ్గరి కోరింగలో మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడుస్తుంటే గాలి పెద్దగా తగలదు, అది హాయి. కానీ వలస వచ్చే ఉల్లంకి పిట్టల్లాంటివి గుంపులుగా దిగేది బయట బురద మేటల మీద. ఆ మేటలు తేలేది సముద్రపు నీరు వెనక్కి తగ్గే పాటు వేళ, అక్కడికి వెళ్లాలంటే పడవ కావాలి, గాలి లేస్తే పడవలు ఆపేస్తారు. ఆపాలి కూడా, 1839 నవంబరు తుపానులో రేవుకు రేవే ధ్వంసమైన చోటు మరి. ఓసారి అలాగే పడవ లేక రెండు గంటలు గొడుగు పట్టుకుని నిలబడితే నాకు దక్కింది ఒక నల్లతల లకుముకి, బురదలో గెంతే చేపలు.

పులికాట్‌కి పడవ అక్కర్లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది, కారు అద్దం కాస్త దించి బైనాక్యులర్స్ పెట్టుకుంటే చాలు. బైకు మీద మాత్రం వద్దు, రెండు పక్కలా నీళ్లే, గాలిని ఆపే అడ్డమేమీ ఉండదు. ఇంకో చిక్కు, అందరూ వెళ్లేది ఫ్లెమింగోల కోసం, వాటికేమో లోతు తక్కువ నీళ్లు కావాలి. వానలకు నీరు పెరిగితే పల్చటి నీళ్లున్న చోటికి జరిగిపోతాయి, మనకు మిగిలేది దూరంగా ఒక గులాబీ గీత. వాటి కోసమే అయితే జనవరి దాకా ఆగండి.

నా ఓటు నేలపట్టుకే. అక్కడ చెరువు నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, గూళ్లు కడతాయి. మనం తిట్టుకునే ఈ వానే లేకపోతే ఆ చెరువు నిండదు, చెరువు నిండకపోతే అవి గూడు కట్టవు. పైగా గూట్లో పిల్లలున్న పక్షి వానొచ్చిందని ఎక్కడికీ పోదు, రెక్కలు కప్పుకుని అక్కడే కూర్చుంటుంది. వాన కాస్త తెరిపి ఇచ్చిందో లేదో చెట్లన్నీ ఒక్కసారి కదులుతాయి, చేపల కోసం వెళ్లేవి వెళ్తుంటే వచ్చేవి వస్తుంటాయి, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు కూడా వాటితో కలిసి ఒకటే గోల. చూడటానికి గట్టు ఉంది, టవర్ ఉంది. వాసన మాత్రం భరించాలి, అదే రెట్ట కలిసిన నీళ్లు కింది పొలాలకు ఎరువని ఊళ్లోవాళ్లకు ఆ పక్షులంటే ముద్దు.

చెన్నై నుంచైతే సూళ్లూరుపేట దాకా లోకల్ రైలుంది, అక్కడి నుంచి దొరవారిసత్రం మీదుగా నేలపట్టు దగ్గరే. పొద్దున నేలపట్టు చూసుకుని, సాయంత్రం వాన తగ్గితే పులికాట్ రోడ్డుకు వెళ్లొచ్చు, తగ్గకపోతే వదిలేయండి. కాకినాడ వైపు వాళ్లు అంత దూరం రాలేమంటే కోరింగకే వెళ్లండి, కాకపోతే బయల్దేరే ముందు పాటు ఎన్నింటికో, పడవ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. నేను ఆ రోజు చేయని పని అదే.