వీఆర్ హెడ్‌సెట్ సుఖంగా ఉండాలంటే స్ట్రాప్ మార్చాలా, కుషన్ మార్చాలా, వెనక బరువు పెట్టాలా?

కళ్లకు తొడుక్కుని ఆటలాడే, సినిమాలు చూసే ఈ వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కొన్నవాళ్లలో చాలామంది అరగంటకే తీసి పక్కన పెట్టేస్తారు. ఆట నచ్చక కాదు. చెంప ఎముకలు నొక్కుకుపోయి, నుదుటి మీద ఎర్రటి గీత పడి, మెడ లాగేస్తుంటే ఎంత మంచి ఆటైనా ఆడబుద్ధి కాదు. ఆ బాధకు విరుగుడుగా అందరూ మొదట ఇంతకన్నా తేలికైన హెడ్‌సెట్ ఏముందా అని చూస్తారు. కానీ మెటా క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, ప్లేస్టేషన్ వీఆర్2 బరువు 560 గ్రాములు. బరువెక్కువైనా రెండోదే చాలామంది ముఖానికి హాయిగా ఉంటుంది. బరువు ఎంతన్నదానికన్నా అది తల మీద ఎక్కడ ఆనుతోందన్నదే అసలు విషయం.

క్వెస్ట్ 2, 3లతో పెట్టెలో వచ్చేది సాగే గుడ్డ స్ట్రాప్. దీనికి చెడ్డపేరు ఎక్కువే గానీ అందులో సగం సరిగ్గా బిగించకపోవడం వల్ల వచ్చింది. హెడ్‌సెట్ కిందికి జారుతుంటే చాలామంది పక్క పట్టీలు బిగిస్తారు. దాంతో ముఖం మీద ఒత్తిడి పెరుగుతుందే తప్ప జారడం ఆగదు. బరువు మోయాల్సింది నడినెత్తి మీది పట్టీ. పక్క పట్టీలు వదులు చేసి, వెనక భాగాన్ని తల వెనక ఉబ్బెత్తు ఎముకకు కాస్త కిందికి దింపి, పైపట్టీతో హెడ్‌సెట్‌ను కళ్లకు సరిగ్గా ఎత్తాలి. ఆ తర్వాతే పక్కవి, అవీ కదలకుండా ఉండేంత మాత్రమే బిగించాలి. పైసా ఖర్చు లేని ఈ సర్దుబాటు చేయకుండా ఏదీ కొనకండి. పడుకుని సినిమా చూసేవాళ్లకైతే గుడ్డ స్ట్రాపే మేలు. తలగడకు అడ్డొచ్చే గట్టి భాగం వెనక ఏదీ ఉండదు.

వెనక చక్రం తిప్పి బిగించే గట్టి స్ట్రాప్ దీనికి తర్వాతి మెట్టు. మెటా అమ్మే ఎలైట్ స్ట్రాప్ ఈ రకమే. తలను వెనక నుంచి గిన్నెలా పట్టుకుంటుంది కాబట్టి బాక్సింగ్, డ్యాన్స్ లాంటి ఆటల్లో హెడ్‌సెట్ ఊగదు. అయినా ఇది కూడా హెడ్‌సెట్‌ను ముఖం వైపుకే లాగి పట్టుకుంటుంది. చెంపల నొప్పి తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

చెంపల నొప్పే ప్రధాన బాధ అయితే హాలో స్ట్రాప్ వైపు వెళ్లాలి. నుదుటి మీద ఒక మెత్త, తల చుట్టూ కట్టు, ముందు వేలాడే తెర. సోనీ 2016లో తెచ్చిన మొదటి ప్లేస్టేషన్ వీఆర్ నుంచీ ఈ పద్ధతే. చెంపల మీద, ముక్కు మీద బరువుండదు. గాలి ఆడుతుంది, లెన్స్‌కు ఆవిరి తక్కువ పడుతుంది. కళ్లద్దాలవాళ్లకు తీయడం, పెట్టడం సులువు. చెల్లించే మూల్యం ఏమిటంటే కింది నుంచి వెలుతురు చొరబడడం, ఎగిరి దూకినప్పుడు తెర కొద్దిగా అదరడం. నుదురు సున్నితంగా ఉండేవాళ్లకు ఆ ఒక్కచోటే నొప్పి చేరుతుంది. కూర్చుని గంటల తరబడి వాడేవాళ్లకు మాత్రం నా ఓటు దీనికే.

వెనక బరువు పెట్టడం మొదట వింతగా తోస్తుంది. బరువు కలిపితే తేలికవడమేమిటి? తల బరువు సహజంగానే మెడ కీలుకు కొంచెం ముందుకు ఉంటుంది. దాన్ని వాలిపోకుండా ఆపేది మెడ వెనక కండరాలు. ముందు మరో అరకిలో వేలాడితే ఆ పని పెరుగుతుంది. వెనక కొంత బరువు పెడితే కావడి బద్దలాగా రెండు వైపులూ సరితూగి కండరాలకు ఊరట దొరుకుతుంది. పీకో 4, క్వెస్ట్ ప్రో హెడ్‌సెట్లలో బ్యాటరీని తల వెనక్కి చేర్చింది అందుకే. 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో బ్యాటరీని జేబులోకి దింపేసినా 600 గ్రాములకు పైగా బరువు ముఖం ముందే మిగిలింది. 2025లో కంపెనీ కొత్త బ్యాండ్ తెస్తూ దాని వెనక భాగంలో టంగ్‌స్టన్ ముక్కలు కుట్టించింది. అంత బరువైన లోహాన్ని కావాలని చేర్చారంటే ముందు వెనకల తూకం ఎంత ముఖ్యమో ఆలోచించండి. హాలోకు వెనక బ్యాటరీ తోడైతే ఆట సమయమూ పెరుగుతుంది. కాకపోతే మొత్తం బరువు పెరుగుతుంది, తల విసురుగా తిప్పి ఆపడం కష్టమవుతుంది. వ్యాయామపు ఆటలకు ఇది వద్దు.

ముఖానికి ఆనే కుషన్ మార్చడం వీటన్నిటి తర్వాతి మాట. ఫోమ్ మెత్తగా ఉంటుంది గానీ చెమట పీల్చుకుంటుంది. సిలికాన్ తుడిస్తే శుభ్రమవుతుంది, చెమటకు జారుతుంది, వేడిగా ఉంటుంది. కృత్రిమ తోలు ఆ రెంటికీ నడుమ. చర్మం మండేవాళ్లకు మాత్రం ఇది చిన్న విషయం కాదు. 2021లో క్వెస్ట్ 2 ఫోమ్ వల్ల దద్దుర్లు వస్తున్నాయని ఫిర్యాదులొస్తే, ఒక్క అమెరికాలోనే సుమారు 40 లక్షల ఫోమ్‌ల విషయంలో రీకాల్ ప్రకటించి ఉచితంగా సిలికాన్ తొడుగులు పంపాల్సి వచ్చింది. ఇంట్లో నలుగురు వాడే హెడ్‌సెట్‌కు సిలికానే సరైనది.

కళ్లు లాగుతున్నాయంటే స్ట్రాప్‌నో కుషన్‌నో తప్పుపట్టి లాభం లేదు. లెన్స్‌ల మధ్య దూరం మీ కళ్ల మధ్య దూరానికి సరిపోవాలి. క్వెస్ట్ 2లో 58, 63, 68 మిల్లీమీటర్లని మూడు స్థానాలుంటాయి, మీకు దగ్గరిది పెట్టుకోండి. కళ్లద్దాలు ఉంటే స్పేసర్ (అద్దాలకు చోటిచ్చేలా హెడ్‌సెట్‌ను ముఖానికి కాస్త దూరం జరిపే చట్రం) కన్నా మీ పవర్‌తో చేయించిన లెన్స్‌లు లోపల బిగించుకోవడం మేలు. ముక్కు మీద ఫ్రేమ్ ఒత్తిడి ఉండదు, హెడ్‌సెట్ లెన్స్‌ల మీద గీతలూ పడవు.