టెక్నిక్స్ 1200 ఎమ్‌కే2: సముద్రం పక్కన కాపురం చేసే డెక్కు

రికార్డులు తిప్పే పాత టెక్నిక్స్ టర్న్‌టేబుల్ కొనడానికి వెళ్లినవాళ్లంతా ముందు ప్లాటర్, అంటే రికార్డు పెట్టే పళ్లెం, తిప్పించి చూస్తారు. ఎర్ర లైటు దగ్గర దాని అంచు చుక్కలు నిలబడితే చాలు, "కండిషన్ సూపర్" అని డబ్బులు లెక్కపెట్టేస్తారు. మోటారు అంత తేలిగ్గా పోయే సరుకు కాదు. విశాఖలో ఈ డెక్కుకి జబ్బు మొదలయ్యేది రెండు లోహాలు తాకే చోట్ల: హెడ్‌షెల్ (సూది ఉండే కార్ట్రిడ్జ్‌ని ఆర్మ్ కొసకి బిగించే ముక్క) పిన్నులు, ఆర్‌సీఏ ప్లగ్గులు (యాంప్లిఫైయర్‌కి వెళ్లే కేబుల్ కొసలు), పిచ్ స్లైడర్ (వేగం సవరించే మీట). లాసన్స్ బే, పెదవాల్తేరు వైపు ఉంటూ కిటికీ ఊచలకి మాటిమాటికీ రంగు వేయించేవాళ్లకి ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు.

మొదటి 1200 వచ్చింది 1972లో, ఎమ్‌కే2 1979లో. 2010లో తయారీ ఆగిపోయి, 2016లో కొత్త మోడళ్లతో మళ్లీ మొదలైంది. ఇందులో బెల్టు లేదు. ప్లాటర్ అడుగున ఉన్న అయస్కాంతమే మోటారులో తిరిగే భాగం. వేగాన్ని క్వార్ట్జ్ కాపలా కాస్తుంది. స్టార్ట్ నొక్కిన 0.7 సెకన్లలో నిమిషానికి 33⅓ చుట్ల వేగం అందుకుంటుంది. వావ్ అండ్ ఫ్లటర్, అంటే వేగంలో వణుకు, 0.025 శాతం. ఈ అంకె అర్థం కావాలంటే నాదస్వరం ఎల్పీ ఒకటి పెట్టండి. వెనక సాగే శ్రుతి ఎక్కడా వణక్కూడదు. వణికినా వెంటనే డెక్కుని తిట్టొద్దు, గడియారం చూడండి. సరిగ్గా 1.8 సెకన్లకోసారి ఊగుతోందంటే అది రికార్డు ఒక చుట్టు తిరిగే సమయం. రికార్డు వంగి ఉండాలి, లేదా చిల్లు నడిమధ్యన పడి ఉండదు. మోటారు తప్పేం లేదు.

చూడ్డానికి వెళ్లినప్పుడు వోల్టేజీ సంగతి మొదట తేల్చుకోండి. జపాన్ లోకల్ పీసులు 100 వోల్టులవి. మన 230లో గుచ్చితే ట్రాన్స్‌ఫార్మర్ మాడిపోతుంది. డెక్కు తినేది 15 వాట్ల లోపే కాబట్టి 50 వీఏ స్టెప్‌డౌన్ (వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) ధారాళంగా సరిపోతుంది, కానీ దాన్ని ఆర్మ్‌కి దూరంగా, వీలైతే కింది అరలో పెట్టాలి. పక్కనే పెడితే దాని గుయ్ మొత్తం కార్ట్రిడ్జ్ లాగేసుకుంటుంది.

తర్వాత పిచ్ స్లైడర్. మధ్యలో టక్కున కూర్చున్నప్పుడు పచ్చ లైటు వెలగాలి, పెద్ద చుక్కల వరస కదలకుండా ఉండాలి. కొంచెం పక్కకి జరిపి వదిలేస్తే చుక్కలు ఒకే వేగంతో జారాలి. ఆగుతూ, ఉరుకుతూ ఉంటే లోపల దుమ్మో తుప్పో చేరినట్టు. ఫేడర్ల కోసం అమ్మే లూబ్రికెంట్ ఉన్న క్లీనర్ కొట్టి యాభై సార్లు పైకీ కిందకీ ఆడిస్తే చాలావరకు దారికొస్తుంది. డబ్ల్యూడీ-40 వద్దు. లోపలి గ్రీజుని కరిగించేసి, మిగిలిన జిడ్డు మళ్లీ దుమ్ముని పిలుస్తుంది. ఆర్మ్‌ని పివట్ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా ముందుకీ వెనక్కీ కదపండి. టక్ మని ఆడిందంటే బేరింగ్ వదులు, బేరం అక్కడితో ఆపేయడం మంచిది.

ఇక అసలు రోగం. ఎడమ వైపు స్పీకర్ వస్తూ పోతూ ఉంటుంది, హెడ్‌షెల్‌ని కాస్త తిప్పితే పలుకుతుంది. హెడ్‌షెల్ బిగించే కాలర్ విప్పి ఆర్మ్ గొట్టంలోకి టార్చి వేస్తే నాలుగు బుల్లి పిన్నులు కనిపిస్తాయి, చుట్టూ పచ్చటి చిలుము. ఒక్కో పిన్నునీ టూత్‌పిక్‌తో నొక్కితే స్ప్రింగులా వెనక్కి రావాలి. ఇరుక్కుంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ఇయర్‌బడ్‌తో తుడిచి, మళ్లీ నొక్కి చూడండి. హెడ్‌షెల్ వైపు పిన్నులకి పెన్సిల్ రబ్బరు చాలు. ఉప్పుకాగితం పెడితే పైపూత లేచిపోయి చిలుము ఇంకా తొందరగా పడుతుంది. ఈ పనికి ముందు సూది ఊడదీసి పక్కన పెట్టుకోండి, లేకపోతే బాగుచేసే ఖర్చు కంటే సూది ఖర్చు ఎక్కువవుతుంది.

ఆర్‌సీఏ కేబుల్ డెక్కులోంచే వస్తుంది, బయట సాకెట్ లేదు. ఎమ్‌కే2లో నాకు నచ్చని విషయం ఇదొక్కటే. కేబుల్ చెడితే అడుగు రబ్బరు బేస్ విప్పి టంకం వేయాల్సిందే. బోర్డు మీద ఆర్మ్ తీగలు తెలుపు, నీలం ఎడమవి. ఎరుపు, ఆకుపచ్చ కుడివి. అవి వెంట్రుకంత సన్నం, వాటి జోలికి పోకుండా కేబుల్ వైపే టంకం పెట్టమనండి. ప్లాటర్ ఎత్తాక స్క్రూలు దాని పక్కన పెట్టొద్దు, అయస్కాంతం లాక్కుంటుంది. మళ్లీ మూసేముందు అడుగున ఇనుప రజను అంటిందేమో చూసి, సెల్లోటేపుతో అద్ది తీసేయండి.

కార్ట్రిడ్జ్‌కి ఆర్టోఫాన్ 2ఎమ్ రెడ్ ఇబ్బంది పెట్టని జోడీ. సూది మొన నుంచి హెడ్‌షెల్ రబ్బరు వాషర్ దాకా 52 మిల్లీమీటర్లు. యాంటీస్కేట్ (ఆర్మ్ లోపలికి లాగకుండా ఆపే నాబ్) సున్నాలో పెట్టి ఆర్మ్ గాల్లో తేలేదాకా వెనక బరువు తిప్పండి, అంకెల రింగు మాత్రం సున్నాకి తెచ్చి, అప్పుడు మొత్తం కలిపి 1.8 గ్రాములకి తిప్పండి. యాంటీస్కేట్ కూడా 1.8. దీని అవుట్‌పుట్ 5.5 మిల్లీవోల్టులే, ఫోనో సాకెట్ లేని యాంప్లిఫైయర్‌లో నేరుగా పెడితే దోమ పాడినట్టుంటుంది. ఫోనో ప్రీయాంప్ కావాలి.

అన్నీ సరిగ్గా ఉండి కూడా గుయ్ మంటోందంటే ఎర్త్ తీగ వదిలేసి ఉంటారు. దాన్ని యాంప్లిఫైయర్ వెనక గ్రౌండ్ స్క్రూకి బిగించండి, గోడ సాకెట్‌కి కాదు. వన్‌టౌన్ పాత ఇళ్లలో మూడో పిన్నులో ఎర్తింగ్ ఉందో లేదో ముందు ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. డెక్కూ స్పీకర్లూ ఒకే బల్ల మీద పెట్టొద్దు, వాల్యూమ్ పెంచేసరికి బాస్ ఊళ పెడుతుంది.

ఒక్కరికి మాత్రం ఇది పనికిరాదు: ఇంట్లో కలకత్తా డమ్‌డమ్‌లో అచ్చయిన 78లు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు) ఉన్నవాళ్లకి. ఎమ్‌కే2కి 33⅓, 45 తప్ప వేరే వేగం లేదు. వాళ్లు కొత్త ఎమ్‌కే7 చూడాలి. దానికి 78 ఉంది, ఆర్‌సీఏ కేబుల్ కూడా ఊడివస్తుంది. సూది మాత్రం 78 కోసం చేసినది వేరే కొనాలి, ఎల్పీ సూది మొన ఆ గాడికి మరీ సన్నం. ఇంకోటి, పిన్నులు తుడిచిన ఆల్కహాల్ సీసా వాటి దగ్గరికి తేవద్దు. 78లు లక్కతో చేసినవి, ఆల్కహాల్ తగిలితే గాడి కరిగిపోతుంది.