అరకు ఎలా ఉంటుందని అడిగేవాళ్లకు

"అరకు బాగుంటుందా?" అని ఎవరైనా అడిగితే ఈ మధ్య నేను నేరుగా జవాబు చెప్పడం లేదు. ముందు వాళ్లనే అడుగుతున్నాను. కొత్త చోట మీకు నిద్ర పడుతుందా? అలవాటు లేని తిండి సయిస్తుందా? జనం మధ్య ఎంతసేపు ఉండగలరు? అనుకున్న టైముకు అనుకున్నది జరక్కపోతే చికాకు పడతారా? ఇవి తెలిశాక గానీ ఫలానా రిసార్టులో దిగండనో, టెంటు జోలికి వెళ్లొద్దనో చెప్పలేం. చోటు మంచిచెడ్డలు ఎంత ముఖ్యమో, అక్కడికి వెళ్లే మనిషి తత్వమూ అంతే ముఖ్యం.

పోయిన డిసెంబరులో మా పిన్నితో, వాళ్లబ్బాయితో కలిసి విశాఖపట్నం నుంచి అరకు, అక్కణ్ణుంచి పాడేరు మీదుగా వంజంగి, లంబసింగి తిరిగొచ్చాక నాకీ నమ్మకం గట్టిపడింది. పిన్నికి అరవై దాటాయి. భీమవరం దాటితే చాలు, సంచిలో ఆవకాయ, కందిపొడి, సొంత దుప్పటి ఉండాల్సిందే. తమ్ముడికి దేనితోనూ పేచీ లేదు, చాప వేసి పడుకోమన్నా పడుకుంటాడు. పైకి చూస్తే కొత్తదనం కోరేవాడు తమ్ముడు, అలవాటు వదలనిది పిన్ని. దారిలో తేలింది వేరు.

రైలు దగ్గరే మొదలైంది. పొద్దున్నే విశాఖలో బయలుదేరే కిరండూల్ ప్యాసింజర్‌కు 2017 నుంచి విస్టాడోమ్ పెట్టె ఉంది. పెద్ద పెద్ద అద్దాల కిటికీలు, పైన కూడా అద్దమే, సీటును కావలసిన వైపు తిప్పుకోవచ్చు. సీజన్లో టికెట్లు ముందే అయిపోతాయి, మాకు రెండే దొరికాయి. పిన్నిని అందులో కూర్చోబెట్టి నేను మామూలు పెట్టె ఎక్కుతానంటే వినలేదు. "ఆ అద్దాల పెట్టెలో నాతో మాట్లాడేదెవరే? మీరిద్దరూ వెళ్లండి" అని తనే జనం ఉన్న పెట్టెలో ఎక్కేసింది.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇది. శృంగవరపుకోట (ఎస్.కోట) దాటాక కొండ ఎక్కడం మొదలవుతుంది. అరకు చేరేలోపు ఎన్నో సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్ మీద దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్‌గా చాలాకాలం దానికే పేరు. ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బండ్లకు దారివ్వడానికి మన బండి ఆగుతూ ఉంటుంది. నాకు ఆ ఆగడాలు హాయిగా ఉన్నాయి. లోయ చూస్తూ ఎంతసేపైనా కూర్చోగలను. తమ్ముడు మాత్రం రెండోసారి ఆగేసరికే లేచి నిలబడ్డాడు. "ఎంతసేపక్కా ఇలా? కారులో వచ్చి ఉంటే ఈపాటికి చేరిపోయేవాళ్లం" అన్నాడు. కిటికీ అవతల అంత అందం ఉండగా వాడి చూపు గడియారం మీదే. బొర్రా స్టేషన్లో దిగేసరికి పిన్ని ఎస్.కోటలో ఎక్కిన ఆడవాళ్లతో స్నేహం చేసేసి, గుహల దగ్గర ఏ వేళకు రద్దీ పెరుగుతుందో, సంతలో ఏం కొనాలో అన్నీ కనుక్కుని ఉంది.

బొర్రా గుహల గురించి ఒక మాట. ఇరుకు చోట్లంటే భయపడేవాళ్లు కూడా చాలావరకు ధైర్యంగా వెళ్లొచ్చు. గుహ నోరు చాలా పెద్దది, లోపల దీపాలున్నాయి. సున్నపురాతి మీద నీళ్లు చుక్కచుక్కగా పడి పైనుంచి వేలాడే, కిందనుంచి లేచే ఆకారాలు ఏర్పడ్డాయి. వాటిలో ఒకదాన్ని శివలింగంగా కొలుస్తారు. కష్టమల్లా మెట్లు, తడి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కొంతదూరం దిగి ఆగిపోయినా నష్టం లేదు, పిన్ని అలాగే చేసింది. నాకు మాత్రం లోపలి జనం, ఈలలు, కేకలు పడలేదు. గుంపుల్లో నాకు టెన్షన్ వస్తుంది, చిన్నప్పటి నుంచీ అంతే. నాలాంటివాళ్లు తెరవగానే వెళ్లిపోయేలా చూసుకోవడం మేలు. అక్కణ్ణుంచి కటికి జలపాతానికి జీపులు వెళ్తాయి, దారి ఒళ్లు హూనం చేస్తుంది. తమ్ముడొక్కడే వెళ్లాడు, వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చాడు.

మనుషులు ఇలా తేడాగా ఉండడం మీద పాత పరిశోధనలున్నాయి. స్టాన్లీ ప్లాగ్ అనే అమెరికన్ 1974లో ప్రయాణికులను ఒక గీత మీద అమర్చాడు. ఒక చివర తెలిసిన చోట్లే కోరేవాళ్లు, ఇంకో చివర తెలియనివాటినే వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు, ఎక్కువమంది మధ్యలో. హోటళ్లు కట్టేవాళ్లకు ఈ గీత పనికొస్తుందేమో గానీ, మా ముగ్గురిలో ఒక్కరూ దాని మీద ఒకచోట కుదురుగా నిలబడరు. మార్విన్ జుకర్‌మన్ అనే మనస్తత్వవేత్త చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. కొత్త అనుభూతుల కోసం వెతికే గుణాన్ని ఆయన నాలుగు భాగాలు చేశాడు: ఒళ్లు జలదరించే సాహసం కోరడం, మనసుకూ ఇంద్రియాలకూ కొత్త అనుభవం కోరడం, కట్టుబాట్లు సడలించుకోవాలనుకోవడం, ఒకేలా ఉంటే విసుగెత్తిపోవడం. ఒకటి ఎక్కువున్న మనిషిలో మిగతావీ అంతే ఉండాలని లేదు. తమ్ముడిలో మొదటిదీ చివరిదీ దండిగా ఉన్నాయి, రెండోది తక్కువ. పిన్నికి సాహసం అక్కర్లేదు, విసుగన్నది తెలియదు, కొత్త మనుషులంటే మాత్రం ప్రాణం. ఇది తెలుసుకోకుండా ముగ్గురికీ కలిపి ఒకే రూము, ఒకే ప్లాను వేస్తే ఎవరో ఒకరు ఏడుపు మొహంతో తిరుగుతారు.

ఇక బసల సంగతి. అరకులో మొదట రిసార్టులో దిగాం. ఊళ్లో టూరిజం శాఖ వాళ్ల హరిత రిసార్టులున్నాయి, ప్రైవేటువి చాలానే ఉన్నాయి. రిసార్టు అంటే వేడినీళ్లు, తలుపుకు గడియ, మనకు తెలిసిన ఇడ్లీ, ఉప్మా. మేం దిగిన ప్రైవేటు రిసార్టులో రూము శుభ్రంగానే ఉంది, కానీ సీజన్ రద్దీలో పిలిస్తే పలికేవాళ్లు లేరు, వేడినీళ్లు చెప్పిన టైముకు రాలేదు. అయినా ఇంటి నుంచి మొదటిసారి బయటికొచ్చేవాళ్లకు, చిన్నపిల్లలున్నవాళ్లకు ఇదే సరైనది. పగలంతా కొత్తగా గడిచినప్పుడు రాత్రికైనా తెలిసిన మంచం ఉండాలి. పిన్ని ఆ రాత్రి సొంత దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయింది. ఆ దుప్పటి ఉండబట్టే మర్నాడు సంతలో అంత హుషారుగా తిరగగలిగిందని నా నమ్మకం.

గిరిజన మ్యూజియం, కాఫీ మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం ఒక పూటలో అయిపోతాయి. వాటికంటే అనంతగిరి వైపు కాఫీ తోటల్లో ఊరికే నడవడం బాగుంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకే అల్లుకున్న మిరియాల తీగలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఫిల్టర్ కాఫీ అలవాటున్న పిన్ని అక్కడి పాలు లేని కాఫీ ఒక గుక్క తాగి నాకిచ్చేసింది. రోడ్డు పక్కన బొంగులో చికెన్ కూడా ముట్టుకోలేదు. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, ఆకులతో మూసి, నిప్పుల మీద కాలుస్తారు. నూనె చుక్క ఉండదు, వెదురు వాసన పడుతుంది. తిండి విషయంలో నాకు హద్దుల్లేవు, పిన్ని వాటా కూడా నేనే తిన్నాను. కానీ సంతలో రాజ్మా, పసుపు, మిరియాలు అమ్మే ఆడవాళ్ల పక్కన పిన్ని అరగంట చతికిలబడింది. వాళ్లలో ఒక ముసలమ్మకు ఆదివాసీ ఒడియా తప్ప తెలుగు రాదు. ఇద్దరూ చేతులతోనే మాట్లాడుకున్నారు. నేనైతే ధర అడిగి కొనుక్కుని వచ్చేసేదాన్ని.

తర్వాత ఒక ఊళ్లో గిరిజన కుటుంబం ఇంట్లో ఉన్నాం. మట్టిగోడల గది, స్నానాల గది బయట, కట్టెల పొయ్యి మీద కాచిన నీళ్లు. పొద్దున్నే చోడి (రాగి) అంబలి. సేవల గురించి అడిగితే, అక్కడ గంట కొట్టి పిలిచే పద్ధతి లేదు. వాళ్లు తినేటప్పుడే మనమూ తినాలి, వాళ్లు పడుకునేటప్పటికి మనమూ పడుకోవాలి. ఆ నిశ్శబ్దంలో నాకు రిసార్టులో కంటే మంచి నిద్ర పట్టింది. పిన్ని ఏమంటుందోనని బెంగపడ్డాను గానీ, ఆమె ఆవకాయ జాడీ వాళ్లకిచ్చేసి పొయ్యి దగ్గర కూర్చుని పప్పు తనే తాలింపు పెట్టింది. ఇబ్బంది పడింది తమ్ముడు. సిగ్నల్ లేదు, చీకటి పడ్డాక చేసేదేమీ లేదు. "రేపు ఎన్నింటికి బయల్దేరుతున్నాం అక్కా?" అని ఎన్నిసార్లు అడిగాడో. కొండ అంచున నిలబెట్టినా భయపడని వాడు, ఖాళీ సాయంత్రాన్ని భరించలేకపోయాడు. ఇలాంటివాళ్లకు హోమ్‌స్టే బుక్ చేసేటప్పుడు పక్కన నడవడానికి కొండో, వాగో ఉందా అని తప్పకుండా కనుక్కోండి.

వంజంగిలో లెక్క తిరగబడింది. తెల్లవారుజామున చీకట్లో కొండెక్కితే సూర్యోదయానికి మేఘాలు మన కాళ్ల కింద పాలకడలిలా పరుచుకుంటాయి. చూడాల్సిన దృశ్యమే. కానీ దానికోసం కింద టెంట్లలో పడుకోవడం అందరికీ తగదు. మాకు ఇచ్చిన టెంటు పలచన, మరుగుదొడ్డి అందరికీ ఒకటే, పక్క గుంపు స్పీకర్లు అర్ధరాత్రి దాకా మోగాయి. నడిపేవాళ్లకు చెప్పినా పట్టించుకోలేదు. నాకు కన్ను మూతపడలేదు, కొండ మీద వందల టార్చిలైట్ల మధ్య నిలబడి మేఘాలు చూస్తుంటే మనసు దానిమీద నిలవలేదు. తమ్ముడికి మొత్తం యాత్రలో ఇదే గొప్ప రాత్రి. పిన్ని ముందే రానని చెప్పి పాడేరు లాడ్జిలో ఉండిపోయింది, పొద్దున్నే మోదకొండమ్మ గుడికి వెళ్లొచ్చింది. తనకేది పడదో తెలిసి, మొహమాటం లేకుండా చెప్పగలగడం నాకెంతో నచ్చింది. నాలా నిద్ర ముఖ్యమైనవాళ్లు పాడేరులోనే పడుకుని తెల్లవారుజామున జీపులో రావచ్చు, వారాంతం మాత్రం వద్దు.

లంబసింగి గురించి పెద్దగా చెప్పను. చలి నిజం, పొగమంచు నిజం, సెలవు రోజుల్లో ట్రాఫిక్ కూడా అంతే నిజం. మామూలు రోజు చూసుకుని వెళ్లి, స్ట్రాబెర్రీ తోటలు చూసి నర్సీపట్నం వైపు దిగిపోవచ్చు.

దిగేటప్పుడు కారులో పిన్ని తర్వాతి ప్రయాణం మాట ఎత్తింది. కన్యాకుమారి నుంచి దిబ్రూగఢ్ దాకా వెళ్లే వివేక్ ఎక్స్‌ప్రెస్ రాజమండ్రిలో ఎక్కుదామంది, అదీ మామూలు స్లీపర్‌లో. రెండు రాత్రులు రైల్లో కూర్చోవడం తన వల్ల కాదని, గౌహతికి విమానంలో వచ్చి కలుస్తానని తమ్ముడన్నాడు. పై బెర్త్ దొరికితే వస్తానన్నాను నేను. పొడుల లెక్క పిన్ని అప్పుడే వేసేసుకుంది.