పుంగనూరు ఆవు: అంగుళాలు పక్కన పెట్టి పొదుగు చూడండి

పుంగనూరు ఆవుకు ఇవాళ ఎత్తును బట్టి రేటు పలుకుతోంది. ఎంత పొట్టిగా ఉంటే అంత ఎక్కువ. 2024 సంక్రాంతికి ప్రధాని నరేంద్ర మోదీ తన నివాసంలో ఈ ఆవులకు మేత పెట్టిన దృశ్యాలు దేశమంతా చూసింది. అప్పటి నుంచి అడిగేవాళ్లు మరీ పెరిగారు. లక్షలు పోసి కొనేముందు ఈ పశువు ఏం ఇస్తుందో, ఏం ఇవ్వదో తెలుసుకోవాలి. ఇంటి పాడికి, కొంచెం నేల, నీళ్లు ఉన్నవాళ్లకు ఇది బంగారం లాంటి ఆవు. పాల వ్యాపారానికి పనికిరాదు. అపార్టుమెంటులో పెంచడమైతే దాన్ని హింసించడమే.

పుంగనూరు, పలమనేరు, మదనపల్లె, వాయల్పాడు చుట్టుపక్కల మెట్ట నేలల్లో పుట్టిన జాతి ఇది. పలమనేరులో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వారి పరిశోధన కేంద్రం ఏళ్లుగా దీన్ని కాపాడుతోంది. ఎదిగిన ఆవు మూపురం దగ్గర మూడు అడుగులకు కాస్త అటూఇటూగా, బరువు 115 నుంచి 200 కిలోల దాకా ఉంటుంది. వెడల్పాటి నుదురు, నెలవంకలా వంగిన చిన్న కొమ్ములు, దాదాపు నేలను తాకే తోక, వెనక్కి కొద్దిగా వాలిన నడుము దీని గుర్తులు. చాలా ఆవుల్లో కొమ్ము పట్టుకుంటే ఊగుతుంది. అది రోగమేమోనని కంగారుపడక్కర్లేదు, జాతి లక్షణమే. తెలుపు, బూడిద, గోధుమ, ఎరుపు రంగుల్లో కనిపిస్తాయి కాబట్టి రంగు చూసి జాతి తేల్చలేం.

రెండు అడుగుల ఎత్తంటూ 'మినియేచర్' పేరుతో అమ్మేవాటి విషయంలోనే అసలు జాగ్రత్త కావాలి. ముందు నోరు తెరిచి పళ్లు చూడండి. పాలపళ్లు పోయి రెండు శాశ్వత పళ్లు రావడానికి రెండు, రెండున్నరేళ్లు పడుతుంది. అన్నీ పాలపళ్లే ఉంటే అది ఇంకా ఎదిగే దూడ, నేటి ఎత్తు రేపు ఉండదు. బాన పొట్ట, గరుకు వెంట్రుకలు, ఒంటికి మించిన తల కనిపిస్తే పాలు చాలక, నట్టలు పట్టి గిడసబారిన మామూలు దూడ అయ్యుండొచ్చు. ఎత్తును చదునైన గట్టి నేల మీద, నాలుగు కాళ్లూ నిటారుగా ఉన్నప్పుడు, మూపురం వెనక నిలువు కర్ర పెట్టి కొలవాలి. పచ్చిక మీద నిలబెట్టి కొలిస్తే గిట్టలు కూరుకుపోయి అంగుళం మాయమవుతుంది.

ఎత్తు తగ్గించాలనే పట్టుదలతో ఒకే మందలో తండ్రికూతుళ్లను, అన్నాచెల్లెళ్లను కలుపుతూ పోవడం ఈ జాతికి జరుగుతున్న పెద్ద అన్యాయం. పుట్టే దూడలు బలహీనంగా ఉంటాయి, ఆవులకు చూలు నిలవక మళ్లీ మళ్లీ ఎదకు వస్తాయి, కటి ఇరుకై ఈనేటప్పుడు దూడ అడ్డం పడుతుంది. తన కూతుళ్లు ఎదకు వచ్చేలోపు ఆబోతును మార్చాలి, అంటే రెండేళ్లకోసారి. చేతికి దొరికిందని జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) లాంటి పెద్ద జాతుల వీర్యం ఎక్కిస్తే పెద్ద దూడ పడి తల్లి ప్రాణానికే ముప్పు. పుంగనూరు ఆబోతు వీర్యం, అదీ రక్తసంబంధం లేనిది దొరికేదాకా ఒక ఎద వదిలేసినా నష్టం లేదు. 21 రోజుల్లో మళ్లీ వస్తుంది.

ఇక పాలు. రోజుకు ఒకటి నుంచి మూడు లీటర్లు, దాంట్లో దూడ వాటా పోను ఇంటికి మిగిలేది లెక్క వేసుకోవాలి. వెన్న 8 శాతం అని ప్రచారం గట్టిగా ఉంది. 5 శాతం అనుకుని లెక్క వేసుకుంటే మోసపోరు. అమ్మేవాళ్లు పరీక్షకు ఇచ్చే పాలు ఎప్పుడు పిండినవో అడగండి. పితికేటప్పుడు మొదట వచ్చే పాలలో వెన్న తక్కువ, పొదుగు చివర పాలలో ఎక్కువ. పాలిచ్చే కాలం ఆఖరి నెలల్లోనూ శాతం పెరుగుతుంది. రెండు పూటల మొత్తం పాలు కలియబెట్టి, వరుసగా కొన్ని రోజులు పాలకేంద్రంలో పరీక్ష చేయిస్తేనే నిజం తేలుతుంది. నెయ్యి లెక్కా ఇంతే. రోజుకు రెండు లీటర్లు మిగిలితే నెలకు 60 లీటర్లు. 5 శాతం వెన్నతో చుక్క కూడా తాగకుండా అంతా చిలికితే రెండున్నర కిలోల చిల్లర నెయ్యి. 8 శాతమే అనుకున్నా నాలుగు కిలోల చిల్లర దాటడం కష్టం. ఒక్క ఆవుతో ఇంట్లో పాలు తాగుతూ నెలకు ఐదు కిలోల నెయ్యి అమ్ముకోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

'రోజుకు ఐదు కిలోల మేత చాలు' అన్న మాట సగమే నిజం. 150 కిలోల ఆవుకు తేమ తీసేసిన లెక్కన రోజుకు సుమారు 4 కిలోల మేత కావాలి. ఐదు కిలోల పచ్చిగడ్డిలో ఉండేది ఒక కిలోనే, మిగతాదంతా నీళ్లు. పది కిలోల పచ్చిగడ్డి, కిలోన్నర వరిగడ్డి లేదా వేరుశనగ కట్టె, ముప్పావు కిలో దాణా పెడితే లెక్క సరిపోతుంది. పాలిచ్చే రోజుల్లో లీటరుకు 400 గ్రాముల దాణా అదనం. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 25 నుంచి 30 గ్రాములు మానకూడదు. నీటి వసతి ఉంటే ఐదు సెంట్ల సూపర్ నేపియర్ గడ్డి ఒక ఆవుకు చాలు. దానికి తోడు అలసంద గానీ హెడ్జ్ లూసర్న్ (దశరథ గడ్డి) గానీ వేయండి. సుబాబుల్ ఆకు పచ్చిమేతలో మూడో వంతు దాటనివ్వొద్దు.

ప్రేమ కొద్దీ అన్నం, చపాతీలు, బెల్లం, అరటిపళ్లు ఒకేసారి పెట్టేవాళ్లు ఈ చిన్న ఆవుల ప్రాణం మీదకు తెస్తున్నారు. పిండి పదార్థం ఎక్కువైతే కడుపులో ఆమ్లం పెరిగి నెమరు ఆగిపోతుంది, ఆవు కూలబడుతుంది. టైల్స్ నేల మరో గండం. జారి కాళ్లు చీలితే పశువు మళ్లీ లేవకపోవచ్చు. మట్టి నేల మంచిది, కుదరకపోతే రబ్బరు మ్యాట్. రోజుకు ఏడెనిమిది కిలోల పేడ ఎక్కడికి పోతుందో, ఎదకు వచ్చిన ఆవు రాత్రంతా అరిస్తే ఏం చేయాలో కొనకముందే ఆలోచించుకోవాలి. పైగా ఇది మంద జీవి, ఒంటరిగా కట్టేస్తే మేత తగ్గించేస్తుంది.

చిన్నది కదా రోగాలు రావని టీకాలు మానేయొద్దు. గాలికుంటుకు ఆరు నెలలకోసారి, గొంతువాపు, జబ్బవాపులకు తొలకరికి ముందు వేయించాలి. పెయ్యదూడకు 4 నుంచి 8 నెలల మధ్య బ్రూసెల్లోసిస్ (చూలు పోయే రోగం) టీకా ఒక్కసారి. దూడ పుట్టిన గంటలోపు జున్నుపాలు తాగాలి, బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయాలి.

దూడల్ని అమ్మాలనుకునేవాళ్లు నెయ్యి మీదకంటే కాగితాల మీద శ్రద్ధ పెట్టాలి. పన్నెండు అంకెల చెవి ట్యాగు, తల్లిదండ్రుల ట్యాగు నంబర్లు, పుట్టిన తేదీ, తల్లి పాల పుస్తకం ఉంటే అంగుళాల బేరం లేకుండానే మంచి ధర వస్తుంది. కొనేవాళ్లు కూడా ఇవే అడగాలి. చూడి ఆవు అంటే మూడు నెలలు నిండాక పశువైద్యుడితో పరీక్ష చేయించాలి, రసీదులో ఎన్నో ఈతో, ఏ తేదీన ఏ ఆబోతుతో దాటించారో రాయించుకోవాలి. బేరం కుదిరేముందు రెండు పూటలు దగ్గరుండి మీ చేత్తో పాలు పితకండి. దూడను కొంటుంటే తల్లిని చూపించమనండి. చూపించలేకపోతే డబ్బు జేబులోనే ఉంచుకోండి. బండి ఎక్కించేముందు పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం తీసుకుని, బండి అడుగున మందంగా వరిగడ్డి పరిచి, ఎండ పడని వేళ బయల్దేరండి.